ముంతెడు పసుపునీళ్ళు

రాత్రిపూట దాని పేరెత్తకూడదు మా నెరబైల్లో.
పెద్దాయన అనాలి. లేదంటే ఆయప్ప.
పేరెత్తితే తిరిగి చూస్తుందని కాదు,
చూసిందెవరో గుర్తుపట్టాల్సి వస్తుందని.

మా అవ్వకు అవ్వ మొగిలమ్మ.
ఆమె మొగుడు చెంగల్రాయుడు
తలకోన లోయలో తవ్వుకొచ్చిన గడ్డ నమిలి
చిరత అయ్యేవాడంట.
ముందు వేళ్ళు మడుచుకునేవి,
తర్వాత మాట పోయేది,
చివరికి సిగ్గు.
పంచె మటుకు గడపలో మిగిలేది.
ఆమె దాన్ని మడిచి తలకింద పెట్టుకునేది.

మిట్టదారు చెనిక్కాయ చేలో పందులు పడకుండా
రాత్రంతా కూలిలేని కాపలా.
కోడి కూయకముందే పెరటి దడి దూకి వస్తే
ముంతెడు పసుపునీళ్ళు నెత్తిన పోయాలి.
అంతే, మళ్ళీ మనిషి.
మనిషంటే పంచె, బీడీ, నడుంనొప్పి,
తండ్రి చేసిపోయిన అరవై రూపాయల అప్పు,
దానికింద వేలిముద్ర.

ఒకనాడు వచ్చినాడు. నీళ్ళు పడలేదు.
ఆడమనిషి కదా, జడుసుకొని ముంత జారవిడిచింది
అంటారు టీకొట్టు కాడ మగోళ్ళు.
రాగులు విసిరేటప్పుడు మా ఇంట్లో చెప్పుకునేది వేరే.

ఆమె జడుసుకోలేదు.
చూసింది.
మంచులో ఆ వీపు నిండా మచ్చలు,
ఒక్కటీ చర్నాకోల వాత కాదు.
మూతికి నెత్తురు, కడుపు నిండుగా,
కళ్ళల్లో ఎక్కడికీ తొందర లేదు.
ఏడేళ్ళ కాపరంలో
మొగుణ్ణి అట్లా చూడటం అదే మొదలు.
ముంత తీసుకుపోయి సొరపాదులో పోసేసింది.
"పో" అనింది.

చాలాసేపు పోలేదంట.
దడి పక్కన కూర్చున్నాడంట,
కుక్క మాదిరి కాదు, అలిగిన అల్లుడి మాదిరి.
కోడి కూసింది.

మూడోనాడు గుమాస్తా వచ్చినాడు, చంకలో పత్రాలు.
"మీవాడేడీ?"
"కొండకు పోయినాడు."
"ఎప్పుడొస్తాడు?"
"పిలిచి చూడు సామీ."

ఆ ఏడు సొరకాయలు చేదుగా కాసినాయి.
వేరే పాదు పెట్టుకోలేదు ఆమె.
అవే వండుకొని తినింది.

పోయిన నెల మా ఊరవతల బోనులో ఒకటి పడింది.
మగది, ఐదేళ్ళుంటాయి, కుడిచెవి చీలింది,
తిరుపతి జూకు తరలించారని పేపర్లో ఫోటో.
అమ్మ చూసి ఏమీ అనలేదు.
తెల్లారి నా సంచిలో వాటర్ బాటిల్ పెట్టింది,
నీళ్ళల్లో పసుపు కలిపి.
నేను బీకాం చదివినా. నవ్వొచ్చింది.
భాకరాపేట ఘాట్ దిగిందాకా నవ్వుతూనే ఉన్నా,
ఒళ్ళో బాటిల్ రెండుచేతుల్తో పట్టుకొని.
మూత కారి చున్నీ అంచు పసుపైంది.

గేటు కాడ సెక్యూరిటీ అమ్మాయి ఎత్తి చూసింది.
"ఏందిది, కామెర్ల మందా?
ప్లాస్టిక్కు లోపలికి పోదక్కా."
చెత్తడబ్బాలో టప్పుమని పడింది.

ఆయన నీడలో పడుకొని కాలు నాక్కుంటున్నాడు.
కమ్మీల ఇవతల పిల్లోళ్ళు
గాండ్రించడమెట్లో ఆయనకు నేర్పుతున్నారు.
ఖాళీచేతుల్తో నిలబడి లెక్కేసినా:
ఇప్పుడు మనిషైతే?
పంచె లేదు, ఆధార్ లేదు,
అరవై రూపాయలకు నూరేళ్ళ వడ్డీ.
సంగటి అడుగుతాడు. అది పెట్టొచ్చు.
మొగిలమ్మ ఏదీ అంటాడు.

మరి ఈ కమ్మీలు?
పులిగానన్నా బతకమని ఆమె వదిలిన మనిషిని
పులిగానే కట్టేసినారే.
దీనికి ఏ నీళ్ళు పోయాలో
మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఆయన ఆవులించినాడు.
నా వైపు చూడనే లేదు.
చూడనందుకు గుండె కుదుటపడింది,
చూడనందుకే ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ ఫోను.
"పోసినావా?"
"లేదు."
అవతల విసుర్రాయి ఆగిన చప్పుడు.
"చెవి ఎట్లుంది?" అనింది.
మానుతోందని చెప్పబోతే
ఘాట్ మలుపులో సిగ్నల్ పోయింది.